బెంగళూరులో కూచిపూడి క్లాసు: పెట్టడం నుంచి నిలబెట్టడం దాకా

బెంగళూరులో డాన్స్ క్లాసు మొదలుపెట్టడం పెద్ద కష్టమేం కాదు. మే నెలలో నాలుగు అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో పోస్టర్ పెడితే జూన్ మొదటి వారానికి పదిమంది పిల్లలు వచ్చేస్తారు. తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే మారతహళ్ళి, బెళ్ళందూరు, వైట్‌ఫీల్డ్, కె.ఆర్.పురం వైపైతే ఇంకా తొందరగా వస్తారు. ఆ పదిమందిలో మూడో జూన్‌కి ఎంతమంది మిగిలారన్నదే అసలు లెక్క. కొత్తగా చేరే పిల్లల ఫీజుతో ఒక ఏడాది గడుస్తుంది. క్లాసు నిలబడేది మాత్రం ఉండిపోయే పిల్లల వల్లే.

అందుకే హాలు, నేల, ఫీజు, కాగితాలు, స్టేజీ అన్నీ ఆ ఒక్క కోణంలోనే చూస్తాను. రెండేళ్ళు నేర్చుకున్న పిల్ల మూడో ఏడు కూడా రావడానికి ఇది పనికొస్తుందా లేదా అన్నదే నా కొలత. నేను కూచిపూడి టీచర్ని కాబట్టి ఉదాహరణలు కూచిపూడివే ఇస్తాను. భరతనాట్యం నేర్పేవాళ్ళకీ ఇందులో ముప్పాతిక వంతు పనికొస్తుంది.

1. బోర్డు కట్టే ముందు

బాగా ఆడేవాళ్ళందరూ బాగా నేర్పలేరు. స్టేజీ మీద మన ఒంటిని మనం చూసుకుంటే సరిపోతుంది. క్లాసులో నోటితో జతి (తాళానికి సరిపడే తకిట, తకధిమి లాంటి మాటలు) చెబుతూ, చేత్తో తాళం వేస్తూ, డజను మంది కాళ్ళను ఒకేసారి గమనించాలి. వెనక వరుసలో ఎడమ చివర నిలబడ్డ పిల్ల మడమ ముందు తాకుతోందా, పాదం మొత్తం తాకుతోందా అన్నది జతి ఆపకుండా కనిపెట్టగలగాలి. ఇది ఆడితే రాదు, నేర్పితేనే వస్తుంది. కాబట్టి సొంతంగా పెట్టే ముందు రెండేళ్ళు మీ గురువుగారి దగ్గరో, మంచి పేరున్న మరో స్కూల్లోనో అసిస్టెంటుగా చేయండి. జీతం తక్కువైనా సరే. చిన్నపిల్లల బ్యాచ్ అడిగి మరీ తీసుకోండి, ఎందుకంటే మీ సొంత క్లాసులో మొదటి మూడేళ్ళు మీకు ఉండేది వాళ్ళే.

ఆ రెండేళ్ళలోనే నట్టువాంగం (చేతాళాలు వేస్తూ, జతులు చెబుతూ నాట్యాన్ని నడిపించడం), కాస్త పాట కూడా పట్టుకోవాలి. పాట ఫోన్‌లో పెట్టి మాత్రమే నేర్పగలిగే టీచరుకి చెయ్యి కట్టేసినట్టే ఉంటుంది. పిల్ల ఎక్కడ తప్పిందో అక్కడ ఆగి, అదే చరణాన్ని సగం వేగంతో మళ్ళీ ఎత్తుకోవాలంటే గొంతు మనదై ఉండాలి.

సొంత క్లాసు పెడుతున్న సంగతి గురువుగారికి ముందుగా మీరే వెళ్ళి చెప్పండి. ఇంకెవరి ద్వారానో ఆయనకి తెలిస్తే బాగుండదు. మర్యాద సంగతి అలా ఉంచినా, రేపు మీ శిష్యురాలి రంగప్రవేశానికి (మొదటి పూర్తి సోలో ప్రదర్శనకి) సలహా అడగాల్సింది ఆయన్నే కదా.

సర్టిఫికెట్ల విషయం. కర్ణాటకలో జూనియర్, సీనియర్, విద్వత్ పేర్లతో రాష్ట్ర స్థాయి నృత్య పరీక్షలు ఉన్నాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో నృత్యంలో పీజీ చేయవచ్చు. అపార్ట్‌మెంట్‌లో క్లాసుకి వచ్చే తల్లిదండ్రుల్లో వీటి గురించి అడిగేవాళ్ళు తక్కువ. వాళ్ళ ప్రశ్నలు మూడే: ఫీజెంత, వారానికి ఎన్ని రోజులు, స్టేజీ ఎప్పుడు. అయితే స్కూళ్ళలో డాన్స్ టీచర్ ఉద్యోగానికి, స్కాలర్‌షిప్ దరఖాస్తులకి, విదేశీ కార్యక్రమాలకి కాగితం అడుగుతారు. వయసులో ఉన్నప్పుడే పూర్తి చేసుకోవడం మంచిది.

ఇంకో మాట. ప్రదర్శనల మీద బతుకుదామనుకుని ఈ వృత్తిలోకి రాకండి. చాలామందికి మొదటి పదేళ్ళు ప్రదర్శనకి వచ్చే డబ్బు మేకప్‌కీ, ఆర్కెస్ట్రాకీ సరిపోదు. ఇల్లు గడిపేది క్లాసు ఫీజు, స్కూల్లో పార్ట్ టైమ్ ఉద్యోగం, యాన్యువల్ డేలకి చేసే కొరియోగ్రఫీ, నట్టువాంగం వచ్చిన వాళ్ళకి ఆ పిలుపులు. మొదటి రెండేళ్ళు స్కూలు ఉద్యోగం వదలకుండా సాయంత్రం క్లాసు నడిపిన వాళ్ళే నిలదొక్కుకోవడం ఎక్కువగా చూశాను.

2. చోటు ఎక్కడ చూసుకోవాలి

ఈ ఊళ్ళో దూరాన్ని కిలోమీటర్లలో కొలవరు. సాయంత్రం అయిదింటికి సిల్క్ బోర్డు దాటి డాన్స్ క్లాసుకి పిల్లని ఎవరూ తీసుకురారు. మీ పిల్లలంతా నడిచో, స్కూటీ మీద పది నిమిషాల్లోనో వచ్చేవాళ్ళే అయి ఉంటారు. అందుకే మొదట హాలు కాదు, పేట చూసుకోండి.

మూడు దారులున్నాయి. మొదటిది సొంత ఇంటి హాలు. ఖర్చు లేదు కానీ అయిదారుగురికి మించి పట్టరు, ఇంట్లోవాళ్ళకి సాయంత్రాలు ఉండవు. రెండోది అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్. కొత్తవాళ్ళకి నేను చెప్పేది ఇదే, అద్దె లేదా ఫీజులో వాటా ఇస్తే సరిపోతుంది. కానీ అసోసియేషన్ కమిటీ ఏటా మారుతుంది, మాట మారుతుంది. శనివారం సాయంత్రం పుట్టినరోజు పార్టీ ఉంటే మీ క్లాసు ఎగిరిపోతుంది. బయటి పిల్లల్ని రానివ్వాలా వద్దా అన్నదాని మీద గొడవలొస్తాయి. ఏ రోజు, ఏ వేళ, బయటివాళ్ళకి అనుమతి ఉందా, ఎన్ని రోజుల ముందు ఖాళీ చేయమంటారు, ఈ నాలుగూ కమిటీ నుంచి ఈమెయిల్లో రాయించుకోండి. శనివారాన్ని నమ్ముకోకుండా వారం మధ్యలో రెండు రోజులు పెట్టుకుంటే సగం తలనొప్పి తగ్గుతుంది.

మూడోది సొంతంగా అద్దెకు తీసుకునే హాలు. బెంగళూరులో అడ్వాన్స్ అంటే ఆరు నుంచి పది నెలల అద్దె అడగడం మామూలే. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో అందులో కొంత పట్టుకుంటారు కూడా. పాతికమంది పిల్లలు స్థిరంగా వస్తున్నారని తేలేవరకు దీని జోలికి వెళ్ళకండి.

హాలు చూడటానికి వెళ్ళినప్పుడు తోడుగా ఇంకొకర్ని తీసుకెళ్ళండి. వాళ్ళని పైన హాల్లో నిలబెట్టి రెండో కాలంలో (మొదటి వేగానికి రెట్టింపులో) గట్టిగా తట్టమనండి. మీరు కింది ఇంటి తలుపు కొట్టి, విషయం చెప్పి, వాళ్ళ హాల్లో నిలబడి వినండి. పాట చప్పుడు కర్టెన్లతో, కిటికీలు మూస్తే తగ్గుతుంది. పాదం దెబ్బ అలా కాదు, శ్లాబు పట్టుకుని గోడల్లోంచి దిగుతుంది. కింది ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఆరు నెలల్లో ఓనర్ దగ్గరికి ఫిర్యాదు వెళుతుంది. గ్రౌండ్ ఫ్లోర్ దొరికితే అద్దె కొంచెం ఎక్కువైనా అదే మేలు. సెల్లార్ చవకగా వస్తుంది. కానీ అది పార్కింగ్ కోసం ప్లాన్‌లో చూపించిందైతే క్లాసు నడపడం కుదరదు, పైగా ఈ ఊరి వానకి నీళ్ళు నిలుస్తాయి.

3. నేల మీద పిసినారితనం వద్దు

అద్దాలు, ఏసీ, గోడ మీద నటరాజు బొమ్మ తర్వాత చూసుకోవచ్చు. ముందు నేల. ఈ ఊరి ఇళ్ళలో ఉండేది కాంక్రీటు మీద విట్రిఫైడ్ టైల్. దాని మీద వారానికి మూడు గంటలు తట్టే పిల్లకి మొదట పిక్క ముందు ఎముక వెంబడి నొప్పి మొదలవుతుంది, తర్వాత మోకాలు. పదకొండు, పన్నెండేళ్ళ పిల్లలకి, ఒక్కసారిగా పొడుగు సాగే ఆ వయసులో, మోకాలి చిప్ప కింద ఎముక దగ్గర ఉబ్బి నొప్పి రావడం మామూలే. నేల గట్టిదైతే అది ఇంకా ముదురుతుంది. డాక్టరు మొదట ఆపమనేది డాన్సే. అలా ఆపిన పిల్లల్లో తిరిగొచ్చేవాళ్ళు తక్కువ. ఉండిపోయే పిల్లల లెక్క నేల దగ్గరే మొదలవుతుందని నేననేది అందుకే.

చెక్క నేల వేయించుకోవడం అనుకున్నంత ఖరీదు కాదు. టైల్ మీద చిన్న రబ్బరు ప్యాడ్లు, వాటి మీద చెక్క పట్టీలు, వాటి మీద రెండు పొరల ప్లైవుడ్, ఒకటి నిలువుగా ఇంకొకటి అడ్డంగా, అతుకులు ఒకదాని మీద ఒకటి రాకుండా. పైన డాన్స్ వినైల్ పరిస్తే సరి. కింది టైలుకి మేకులు కొట్టకుండా వేయమని వడ్రంగికి ముందే చెప్పండి. ఇల్లు మారినప్పుడు విప్పి పట్టుకెళ్ళొచ్చు. రబ్బరు ప్యాడ్ల వల్ల కింది ఇంటికి వెళ్ళే దెబ్బ కూడా కొంత తగ్గుతుంది. క్లబ్‌హౌస్‌లో ఇది కుదరదు కాబట్టి అక్కడ గట్టిగా తట్టే అభ్యాసం తగ్గించి, హస్తాలు (చేతి ముద్రలు), అభినయం, తాళం మీద ఎక్కువ సమయం పెట్టండి. పజిల్ ముక్కల్లా అతికే ఫోమ్ మ్యాట్లు మాత్రం పరవకండి. వాటి మీద మడమ దిగబడి చీలమండ బెణుకుతుంది, తట్టు శబ్దం వినపడదు, పిల్లకి తాళం చెవికెక్కదు.

ఒక్కొక్క పిల్ల చేతులు బార్లా చాచి ఒక అడుగు అటూ ఇటూ వేసేంత చోటు కావాలి. 400 చదరపు అడుగుల హాల్లో పదిమందికి మించి పెట్టకండి.

అద్దం ముందు గోడకి మాత్రమే చాలు, దానికి ఒక కర్టెన్ కూడా వేలాడదీయండి. అడుగులు నేర్పేటప్పుడు తీయండి, అభినయం నేర్పేటప్పుడు మూయండి. అద్దంలో తన మొహం చూసుకుంటూ నవ్వే పిల్ల, ఎదురుగా ఉన్న కృష్ణుణ్ణి చూసి నవ్వలేదు.

4. డబ్బు లెక్క

ఉదాహరణకి హాలు అద్దె 30,000, కరెంటు, నెట్, ఊడ్చే మనిషి కలిపి 5,000, అసిస్టెంటుకి 12,000 అనుకుందాం. నెలకి 47,000. ఫీజు 2,000 పెడితే 24 మంది పిల్లలు వచ్చేదాకా మీ చేతికి రూపాయి రాదు. 45 మంది ఉంటే 90,000 వస్తుంది, మీకు 43,000 మిగులుతుంది. చూడటానికి బాగానే ఉంది. కానీ మార్చిలో పరీక్షలు, ఏప్రిల్, మే నెలల్లో అమ్మమ్మగారి ఊళ్ళు. నెల నెలా ఫీజు తీసుకుంటే ఆ మూడు నెలలూ సగం మంది కట్టరు, అద్దె మాత్రం కట్టాలి. కాబట్టి ఫీజు టర్ము లెక్కన తీసుకోండి. జూన్ నుంచి మార్చి వరకు మూడు టర్ములు చేసి, ఏడాది ఖర్చు మొత్తాన్ని ఆ మూడింటికీ పంచండి. వేసవిలో విడిగా క్యాంపు పెడితే అది పైసంపాదన.

ఇదే లెక్కలో ఇంకో సంగతి ఉంది. 45 మంది అంటే నాలుగైదు బ్యాచ్‌లు, వారానికి రెండేసి క్లాసులు. హాలు వాడేది వారానికి పది గంటలే. పొద్దున పూట ఖాళీగా పడుంటుంది. యోగా టీచరుకో, వీణ నేర్పేవాళ్ళకో గంటల లెక్కన ఇస్తే అద్దెలో మూడో వంతు తిరిగొస్తుంది. అగ్రిమెంటులో ఓనర్ దీనికి ఒప్పుకున్నట్టు ఒక వాక్యం రాయించుకోవాలి.

ఫీజు తగ్గించమని అడిగే ప్రతివాళ్ళకీ తగ్గించకండి. నిజంగా కట్టలేని ఇంటి పిల్లయితే పూర్తిగా మాఫీ చేయండి, ఎవరికీ చెప్పకండి. సగం ఫీజు బేరాలు నాలుగు రోజుల్లో వాట్సాప్ గ్రూపంతా పాకుతాయి.

పిల్ల సెలవు పెట్టిన క్లాసుకి బదులు క్లాసు ఉండదని, టీచర్ సెలవు పెడితే తప్పకుండా ఉంటుందని చేర్చుకునే రోజే కాగితం మీద రాసివ్వండి. దీనివల్ల తప్పే మాటామాటా అంతా ఇంతా కాదు.

5. కాగితాలు, పన్నులు

ఒక్కరే మీ పేరు మీద నడుపుకుంటున్నంత కాలం పెద్దగా తలనొప్పి లేదు. క్లాసు పేరుతో బ్యాంకులో కరెంట్ అకౌంట్, రసీదు పుస్తకం లేదా యూపీఐ లెక్క, ఏటా ఆదాయపు పన్ను రిటర్న్. చిన్న వ్యాపారాలకి ఉండే ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కి ప్రభుత్వం ఏమీ తీసుకోదు, చేయిస్తామని డబ్బులడిగే వెబ్‌సైట్లను నమ్మకండి. వాణిజ్య స్థలం తీసుకుంటే షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ రిజిస్ట్రేషన్, కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్సు సంగతి, కరెంటు మీటరు ఏ కేటగిరీలో ఉందన్నది సంతకానికి ముందే ఓనర్‌ని అడగండి.

జీఎస్టీలో చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. కళలు, సంస్కృతికి సంబంధించిన శిక్షణకి ఉన్న మినహాయింపు 2022 జులై నుంచి వ్యక్తులకే పరిమితం. మీ పేరు మీద మీరు నేర్పితే ఆ మినహాయింపు వర్తిస్తుంది. పెద్దగా కనిపిస్తుందని ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెట్టుకుంటే పోతుంది, ఏడాది రాబడి 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్, పన్ను మొదలవుతాయి. శాస్త్రీయ, జానపద ప్రదర్శనలకి కళాకారులు తీసుకునే పారితోషికం ఒక్కోదానికి 1.5 లక్షల వరకు విడిగా మినహాయింపు ఉంది. ట్రస్టో, సొసైటీయో రిజిస్టర్ చేయించాలన్న ఆలోచన ప్రభుత్వ నిధులు, కంపెనీలు ఇచ్చే సీఎస్ఆర్ సాయం, సొంత ఉత్సవం వంటివి నిజంగా కావాలనుకున్నప్పుడే చేయండి. ఏటా ఆడిట్, మినిట్స్ పుస్తకం మోసుకోవాల్సి వస్తుంది. సంతకం చేసే ముందు ఒక సీఏని కలవండి.

అన్నమయ్య, త్యాగరాజు వంటివారి సాహిత్యం అందరిదీ. కానీ ఈ కాలంలో ఒకరు కట్టిన బాణీ, ఒక కంపెనీ అమ్మిన రికార్డింగ్ అందరివీ కావు. మన చట్టంలో సౌండ్ రికార్డింగ్‌కి హక్కు 60 ఏళ్ళు ఉంటుంది. యాన్యువల్ డే వీడియో యూట్యూబ్‌లో పెట్టగానే శబ్దం మూగబోయేది ఇందుకే. స్కూలుకంటూ నాలుగైదు ఐటమ్‌లు మీరే రికార్డు చేయించుకుంటే ఏళ్ళ తరబడి వాడుకోవచ్చు. గాయనికి, మృదంగం వాయించినవాళ్ళకి డబ్బు ఇచ్చేటప్పుడే క్లాసుకీ, ప్రదర్శనకీ, ఆన్‌లైన్‌కీ వాడుకుంటామని రాయించుకోండి.

6. మొదటి మూడేళ్ళ పాఠం

కూచిపూడిని ఇవాళ మనం నేర్పుతున్న వరస, అంటే ముందు అడుగులు, తర్వాత జతులు, ఆ తర్వాత ఐటమ్‌లు, చాలావరకు 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టిన వెంపటి చినసత్యం మాస్టారి చలవే. ఆ వరస గొప్పది. అయితే వారానికి రెండు గంటలు వచ్చే బెంగళూరు పిల్లకి దాన్ని అలాగే పెడితే మొదటి ఐటమ్ వచ్చేసరికి రెండేళ్ళు దాటిపోతాయి. ఆ లోపు పిల్లకి విసుగు, తల్లికి టెన్షన్. స్కేటింగ్ క్లాసుకి వెళ్ళే పక్కింటి పిల్ల అప్పటికే రెండు మెడల్స్ తెచ్చుంటుంది.

వరస మార్చక్కర్లేదు, మధ్యలో మెట్లు వేయాలి. తొమ్మిది, పది నెలలు గడిచాక, అప్పటిదాకా వచ్చిన అడుగులతోనే రెండు నిమిషాల గణపతి కౌత్వం (గణపతి మీద జతులు కలిసిన చిన్న ఐటమ్) లాంటిది ఒకటి కట్టివ్వండి. కొత్త అడుగు ఒక్కటి కూడా అందులో ఉండకూడదు. తను రోజూ విసుక్కుంటూ వేసిన అడుగే పాటలో పడగానే పిల్ల కళ్ళు మారిపోతాయి. రెండో ఏడు మధ్యలో ఒక చిన్న పద్యానికి అభినయం, రెండో ఏడు చివర జతిస్వరం (స్వరాలకి ఆడే, కథ లేని ఐటమ్). మూడో ఏడు శబ్దం అనే ఐటమ్ ఒకటి. ఇత్తడి పళ్ళెం అంచుల మీద నిలబడి ఆడే తరంగం, భామాకలాపంలో సత్యభామ తనని పరిచయం చేసుకునే ప్రవేశ దరువు అయిదారేళ్ళు దాటాకే. తల్లి ఎంత బతిమాలినా పళ్ళెం ముందుకి జరపకండి. మండి (మోకాళ్ళు పక్కలకి వంచి సగం కూర్చునే భంగిమ) గట్టిపడకుండా పళ్ళెం ఎక్కితే వేళ్ళతో గీరుకుంటూ నడవడం తప్ప తాళం ఉండదు.

ఒక గంట క్లాసు నేనైతే ఇలా పంచుతాను. మొదటి పది నిమిషాలు చీలమండలు, పిక్కలు, తుంటి సడలించే వ్యాయామం. నమస్కారం దాని తర్వాతే, ఎందుకంటే ఒళ్ళు వేడెక్కకుండా మండిలో కూర్చోబెట్టడం మంచిది కాదు. తర్వాత ఇరవై నిమిషాలు అడుగులు. పదిహేను నిమిషాలు కొత్త పాఠం. పది నిమిషాలు కూర్చుని హస్తాలు, శ్లోకాలు, చేత్తో తాళం. ఒంటి చేత్తో పట్టే అసంయుత హస్తాలు ఇరవై ఎనిమిదీ ఒకేసారి బట్టీ పట్టించకుండా, వారానికి రెండు, ఒక్కొక్క దానికీ రెండేసి వాడకాలతో చెప్పండి. ఆఖరి అయిదు నిమిషాలు ఎవరో ఒక పిల్ల ముందుకొచ్చి మిగతావాళ్ళకి తాళం వేయాలి. ఈ అయిదు నిమిషాలూ ఎప్పుడూ వదలకండి. తాళం వేసిన పిల్ల తర్వాతి వారం మానదు.

అడుగుల దగ్గర ఒకటి కనిపెట్టి చూడండి. ఒకటో కాలంలో, రెండో కాలంలో చక్కగా మండిలో కూర్చున్న పిల్ల మూడో కాలం మొదలవగానే రెండంగుళాలు పైకి లేస్తుంది. మోకాళ్ళు దగ్గరికొస్తాయి, పాదాలు ముందుకి తిరుగుతాయి. చప్పుడు మాత్రం తాళానికి సరిగ్గానే పడుతుంది, కాబట్టి చెవితో వింటే తెలియదు. "కూర్చో, కూర్చో" అని అరిచి లాభం లేదు, తొడలో ఇంకా బలం రాలేదన్నమాట. మళ్ళీ రెండో కాలానికి దించి, అడుగుల సంఖ్య పెంచండి. నెలలో సర్దుకుంటుంది. నొప్పి భరించమని మాత్రం పిల్లకి ఎప్పుడూ చెప్పకండి. కండరాల అలసట వేరు, కీలు నొప్పి వేరు. కీలు నొప్పి అంటే ఆ రోజుకి కూర్చోబెట్టి తాళం వేయించండి.

బెంగళూరులో పుట్టిన తెలుగు పిల్లలు చాలామంది తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. పక్కనే కన్నడ, తమిళం, హిందీ పిల్లలుంటారు. పాట ఇంగ్లిష్ అక్షరాల్లో రాసివ్వడం తప్పదు. కానీ దానికి ముందు పాట మొత్తం కథలా చెప్పండి. సత్యభామకి కృష్ణుడి మీద అలక ఎందుకొచ్చిందో తెలియకుండా జడ తిప్పే పిల్లని చూడటం కష్టంగా ఉంటుంది. పిల్లల చేత పాట నోటితో పాడించండి. అలా పాడిన కన్నడ పిల్లలు మన పిల్లల కంటే స్పష్టంగా తెలుగు పలకడం నా క్లాసులో మామూలే.

చేర్చుకునే వయసు ఆరేళ్ళు దాటాలి. నాలుగేళ్ళ పిల్లల్ని తెచ్చి "కొంచెం అలవాటు చేయండి మేడమ్" అంటారు. కావాలంటే విడిగా ఆటపాటల బ్యాచ్ పెట్టుకోండి, దానికి కూచిపూడి పేరు పెట్టకండి. సినిమా పాటల బ్యాచ్ కూడా అంతే. నడిపితే తప్పేం లేదు, డబ్బులొస్తాయి. రోజు వేరుగా ఉండాలి, వీలైతే టీచర్ కూడా వేరుగా ఉండాలి.

7. తల్లిదండ్రులు, పిల్లల భద్రత

ఏడాదిలో రెండుసార్లు తల్లిదండ్రుల్ని క్లాసులో కూర్చోబెట్టండి. స్టేజీ, లైట్లు, కాస్ట్యూమ్ ఏమీ వద్దు, మామూలు చుడీదార్లలో మామూలు క్లాసు. "మొన్నటిదాకా ఈ అడుగు ఇలా వేసేది, ఇప్పుడు చూడండి" అని ఒక్కొక్క పిల్ల గురించి ఒక్క మాట చెప్పండి. స్టేజీ ఎప్పుడన్న ప్రశ్న దీంతో సగానికి సగం తగ్గుతుంది. తల్లికి కావాల్సింది పిల్ల ఎదుగుతోందన్న భరోసా, అది స్టేజీ మీద మాత్రమే కనపడుతుందని అనుకుంటుంది కాబట్టి స్టేజీ అడుగుతుంది.

పిల్లల్ని దిద్దేటప్పుడు ఎక్కడ ముట్టుకుంటామో, ఎందుకు ముట్టుకుంటామో ముందే అందరి ముందూ చెప్పండి. మోచెయ్యి ఎత్తాలంటే "చెయ్యి పట్టుకోనా" అని అడిగి పట్టుకోవడం ఒక పద్ధతి అయిపోవాలి. తాళం వేసే కర్ర చెక్క మీదే పడాలి, పిల్ల కాలి మీద కాదు. మన గురువుల కాలం వేరు అని సమర్థించుకోవద్దు. క్లాసు జరుగుతున్నంతసేపూ తలుపు తెరిచి ఉండాలి. కాస్ట్యూమ్ మార్చుకునే గదిలోకి తల్లులు, ఆడ టీచర్లు తప్ప ఇంకెవరూ రాకూడదు. మేకప్ మనిషి, ఫోటోగ్రాఫర్, లైట్‌బాయ్ ఎవరైనా సరే. 2012 పోక్సో చట్టం ప్రకారం పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్ళు పోలీసులకి తప్పనిసరిగా తెలియజేయాలి, స్కూలు పరువు పోతుందని దాచకూడదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు గోడ మీద పిల్లలకి అందే ఎత్తులో రాసిపెట్టండి. ఇన్‌స్టాగ్రామ్‌లో పిల్లల వీడియో పెట్టాలంటే తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి తీసుకోండి. అనుమతి ఇవ్వని పిల్లని రీల్ కోసం పక్కకి నిలబెట్టడం కంటే రీల్ మానుకోవడమే నయం.

8. స్టేజీ

స్టేజీ ఇస్తామని మీకు ఫోన్లు వస్తూనే ఉంటాయి. పిల్లకి ఇంత కడితే అయిదు నిమిషాలు, ఒక మెమెంటో, ఒక శాలువా, ఏదో ఒక రికార్డు సర్టిఫికెట్. పొద్దున ఆరింటికి మేకప్ వేసుకున్న పిల్లలు సాయంత్రం నాలుగింటికి ఖాళీ కుర్చీల ముందు ఆడి ఇంటికెళతారు. డబ్బు కట్టి ఆడే కార్యక్రమాలకి నేను పంపను. అలా ఒకసారి వెళ్ళొచ్చిన పిల్లకి స్టేజీ మీద గౌరవం పోతుంది. గుడి ఉత్సవాలు, గణేశ మండపాలు, ఉగాదికి తెలుగు సంఘాల కార్యక్రమాలు, సొంత అపార్ట్‌మెంట్ దసరా, ఇవి చాలు. చూసేవాళ్ళు తెలిసినవాళ్ళై ఉంటారు. అసలు సంగతేంటంటే, చూసేవాళ్ళంటూ ఉంటారు.

యాన్యువల్ డేకి హాలు మీ పిల్లల సంఖ్యని బట్టి తీసుకోండి. వయొలిన్ ఆకారంలో కట్టిన చౌడయ్య హాలు, జె.సి. రోడ్డులో రవీంద్ర కళాక్షేత్ర చూస్తే మనసు లాగుతుంది. నలభై మంది పిల్లలున్న స్కూలు వాటిని నింపలేదు. మల్లేశ్వరంలో సేవాసదన్, జె.సి. రోడ్డులోనే ఏడీఏ రంగమందిర, కన్నడ భవన్‌లో నయన, వయ్యాలికావల్‌లో తెలుగు విజ్ఞాన సమితి వారి కృష్ణదేవరాయ కళామందిరం లాంటివి ముందు అడగండి. డిసెంబరు, జనవరి శని, ఆదివారాలు చాలా ముందే నిండిపోతాయి కాబట్టి జూన్‌లోనే తేదీ పట్టుకోవాలి. హాలు అద్దెలో లైట్లు, మైకులు ఉన్నాయా, రిహార్సల్‌కి గంటలు ఇస్తారా, మేకప్ గదులెన్ని, స్టేజీ నేల చెక్కదా సిమెంటుదా అన్నది వెళ్ళి చూసుకోండి. రాత్రి తొమ్మిదికల్లా అయిపోయేట్టు ప్లాన్ వేయండి. ముఖ్య అతిథుల ప్రసంగాలు రెండుకి మించకుండా చూసుకోగలిగితే మీరు గట్టివాళ్ళే.

చిన్నపిల్లలకి కాస్ట్యూమ్ కుట్టించకండి, అద్దెకి తీసుకోండి. ఏడాదిలో పొట్టయిపోతుంది. గజ్జెలు మాత్రం రెండో ఏడు పూర్తయ్యాక చిన్న గజ్జె పూజ చేసి, తోలు పట్టీ మీద కుట్టినవి కొనిపించండి. ఆ రోజు పిల్ల మొహం చూడాలి. పిల్లని మూడో ఏడుకి తీసుకొచ్చేవాటిలో ఇదొకటి, దాని ఖర్చు యాన్యువల్ డే ఖర్చులో పదో వంతు కూడా ఉండదు.

రంగప్రవేశం గురించి విడిగా రాయాలి, ఇక్కడ ఒక్క మాటే చెబుతాను. గాత్రం, మృదంగం, వయొలిన్, వేణువు, హాలు, కాస్ట్యూమ్‌లు, భోజనాలు అన్నీ కలిపి చిన్న పెళ్ళంత అవుతుంది. ఆ ఇంటివాళ్ళకి మొత్తం అంచనా ఏడాది ముందే కాగితం మీద ఇవ్వండి. రిహార్సల్‌కి కళాకారులకి ఇచ్చే డబ్బు కూడా అందులో చూపించండి. రంగప్రవేశం అయిన మర్నాడు డాన్స్ మానేసే పిల్లలు ఈ ఊళ్ళో బోలెడంత మంది. ఆ తర్వాతి ఏడాది ఏం నేర్పుతారో ముందే చెప్పి, చిన్నపిల్లల బ్యాచ్ ఒకటి ఆ పిల్ల చేతిలో పెట్టండి.

9. అసిస్టెంట్లు, ఆన్‌లైన్, మీ మోకాళ్ళు

పెద్ద పిల్లల చేత ఉచితంగా క్లాసులు చెప్పించుకోవడం మన రంగంలో పాత అలవాటు. "గురుసేవ" అంటాం. గంటకి ఇంత అని లెక్క కట్టి ఇవ్వండి, ఆ డబ్బుతో వాళ్ళ బస్ పాస్ అయినా గడుస్తుంది. వాళ్ళలో ఒకరు రేపు వెళ్ళి సొంత క్లాసు పెడతారు. మీ నుంచి నలుగురు పిల్లలు వాళ్ళతో వెళతారు. గొడవ పడి సాధించేదేం ఉండదు. యాన్యువల్ డేకి వాళ్ళ స్కూలునీ పిలవండి.

అమెరికాకి వెళ్ళిపోయిన పిల్లలకి ఆన్‌లైన్ క్లాసు చెప్పొచ్చు. మనకి ఉదయం ఆరు అంటే న్యూయార్క్ వైపు ముందు రోజు రాత్రి ఏడున్నర, వేసవిలో ఎనిమిదిన్నర. మార్చిలోనూ నవంబరులోనూ అక్కడ గడియారం మారుతుంది, మీ టైమ్‌టేబుల్లో ముందే రాసిపెట్టుకోండి. నెట్‌లో శబ్దం ఆలస్యంగా వస్తుంది కాబట్టి మీరు తాళం వేస్తూ పిల్ల ఆడటం కుదరదు. తాళం అవతలి వైపే మోగాలి. అభ్యాసం వీడియో తీసి పంపమని, క్లాసులో దాన్ని ఆపి ఆపి దిద్దితే పని జరుగుతుంది. అడుగులు మొదటిసారి నేర్చుకునే చిన్నపిల్లకి మాత్రం ఆన్‌లైన్ ఒప్పుకోకండి.

చివరగా మీ ఒళ్ళు. రోజుకి మూడు బ్యాచ్‌లకీ మీరే అడుగు వేసి చూపిస్తే నలభై దాటకముందే మోకాళ్ళు పోతాయి. ఒక్కసారి చూపించి, తర్వాత నోటితోనూ కర్రతోనూ నడపడం అలవాటు చేసుకోండి. గొంతుకి చిన్న మైకు పెట్టుకోండి, సిగ్గుపడక్కర్లేదు. వారంలో ఒక రోజు క్లాసు పెట్టకుండా ఆ రెండు గంటలూ మీ సొంత అభ్యాసానికి ఉంచుకోండి, ఎవరొచ్చి బదులు క్లాసు అడిగినా ఆ రోజు ఇవ్వకండి. ఆరోగ్య బీమా సొంతంగా తీసుకోండి, ఈ ఉద్యోగంలో అది ఇచ్చేవాళ్ళు ఎవరూ ఉండరు.